ఖాళీ రోడ్డు

786

మార్టూరు,
జూన్ 9

చిరంజీవి శ్రీదివ్యకు,

కరీమున్ పిన్ని రాయునది. మేము ఇక్కడ ఉన్నాం. క్షేమం అని రాయబోతే చెయ్యి రాలేదు, అందుకని ఉన్నాం అని రాశాను. నువ్వు విశాఖలో బాగున్నావని మీ అమ్మ సుబ్బరావమ్మ చెప్పింది.

నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు. మూడుసార్లూ ఏడ్చి పెట్టేశాను. ఏం చెయ్యనమ్మా. కాగితం అయితే ఏడ్చినా తుడుచుకుని మళ్లీ రాయొచ్చు. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నువ్వడిగిన ముస్తాక్ నోట్‌బుక్ దొరికింది. మీ బాబాయి పరుపులు కుట్టే గదిలో దూది మూట వెనక పడి ఉంది. అట్ట మీద వాడి పేరు, దాని కింద నీ పేరు, ఇంకా కింద ‘మొదటి ట్రయథ్లాన్’ అని పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. ఆ మాట నాకు నోరు తిరగదు. మూడు పందేలు అనేదాన్ని. ఈత, సైకిలు, పరుగు. “ఒకటి చాలదంట్రా, మూడెందుకు?” అంటే, “ఒక్కదాంట్లో ఎప్పటికీ ఫస్టు రానమ్మా, మూడూ కలిపితే ఎవడో ఒకడు నాకన్నా వెనకుంటాడు” అనేవాడు. పొద్దంతా గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో రాళ్ల దగ్గర నిలబడి, కనురెప్పల మీద కూడా దుమ్ముతో ఇంటికొచ్చి, ఒక గ్లాసు టీ తాగి మళ్లీ పరుగెత్తడానికి పోయేవాడు. ఎక్కడిదో ఆ ఓపిక.

వాడు పోయి నాలుగు నెలలు కావస్తోంది. నలభయ్యో రోజు ఫాతేహాకి నువ్వు వచ్చావు, కానీ అంతమందిలో నిన్ను అడగలేకపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వూ సైకిలు తొక్కేదానివే, నువ్వూ అదే పందేనికి పేరిచ్చినదానివే. మా ఊరి మీదుగా పర్చూరు వైపు పోయే కొత్త రోడ్డు నీకు తెలుసు. గుంట లేదు, గతుకు లేదు. ఆ రోజు తెల్లవారుజామున రోడ్డు మీద ఏమీ లేదు, ఖాళీ. లారీ కూడా రాలేదంట. ఖాళీ రోడ్డు మీద రెండేళ్లుగా తొక్కుతున్నవాడు ఎలా పడతాడమ్మా? తలకి హెల్మెట్ ఉంది. మెడ విరిగింది. పోలీసులు ‘అదుపు తప్పి’ అని రాసుకుని వెళ్లారు. ఆ రెండు మాటలతో నాకు నిద్ర పట్టదు. ఊళ్లో ఎవరిని అడిగినా, “రాసిపెట్టింది కరీమూ, ఏం చేస్తాం” అంటారు.

నువ్వు చదువుకున్నదానివి. ఎలా పడి ఉంటాడో నాకు రాయి.

మీ పిన్ని,
కరీమున్

---

విశాఖపట్నం,
జూన్ 20

కరీమున్ పిన్నికి,

నీ ఉత్తరం ల్యాబ్‌కి తీసుకెళ్లి మధ్యాహ్నం భోజనం టైములో చదువుకున్నాను. తప్పులేమీ లేవు. నాకన్నా బాగా రాశావు.

సైకిలు మీద నుంచి పడటానికి వంద కారణాలు ఉంటాయి పిన్నీ. టైరు పగలొచ్చు. చెయిన్ జారొచ్చు. కుక్క అడ్డం రావచ్చు. నిద్ర సరిపోకపోతే ఒక్క క్షణం కళ్లు మూతపడొచ్చు. ఏదో ఒకటి అయ్యుంటుంది. తెలిసినా మనం చేసేదేముంది? దాని గురించి ఆలోచించకు.

డిసెంబరు పదిహేనున ఇక్కడ బీచ్‌లో పందెం. ముప్పావు కిలోమీటరు సముద్రంలో ఈత, ఇరవై కిలోమీటర్లు సైకిలు, అయిదు పరుగు. మేమిద్దరం కలిసి పేర్లు ఇచ్చాం. నేను మానేద్దామనుకున్నాను. రెండు నెలలు సైకిలు ముట్టుకోలేదు. మళ్లీ మొదలుపెట్టాను, కానీ ఎలా చెయ్యాలో చెప్పేవాడు లేడు. ప్రతి సాయంత్రం ఫోన్ చేసి “దివ్యక్కా, ఇవాళ ఎంత?” అని అడిగేవాడు. నేను అబద్ధం చెబితే గొంతులోనే పట్టేసేవాడు. అందుకే ఆ నోట్‌బుక్ అడిగాను. పంపొద్దు, నీ దగ్గరే ఉండనీ. కుదిరినప్పుడు కొన్ని పేజీలు చూసి రాసి పంపు, చాలు. మొదట్లోవి. తర్వాత ఫిబ్రవరివి. ఆఖరి పేజీ మాత్రం తప్పకుండా.

బాబాయిని అడిగానని చెప్పు.

దివ్య

---

మార్టూరు,
జూలై 14

చిరంజీవి శ్రీదివ్యకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు రాసినవన్నీ ఒక్కొక్కటే చూశాం. మీ బాబాయి సైకిలు దించి టైర్లు నొక్కి చూశాడు. రెండింట్లోనూ గాలి ఉంది, ఇన్ని నెలలైనా. చెయిన్ కూడా జారలేదు. ముందు చక్రం మాత్రం లోపలికి వంగిపోయింది. కుక్క అంటావా, ఆ రోడ్డు మీద కుక్కలు ఎక్కడివమ్మా, ఇళ్లే లేవు. ఇక నిద్ర అంటే, ముందు రోజు ఎనిమిదింటికే పడుకున్నాడు, నేనే దుప్పటి కప్పాను. కాబట్టి వేరే ఏదో ఉంది. బాగా ఆలోచించి మళ్లీ రాయి.

పేజీలు రాస్తున్నాను. వాడి అక్షరం కుదురుగానే ఉంటుంది గానీ నేను కూడబలుక్కుని రాసేసరికి ఒక్కో పేజీకి ఒక పూట పడుతోంది. పడనీలే.

‘సాగర్ కాలువ. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పన్నెండుసార్లు. ఊపిరి ఎడమ పక్కకే తీస్తున్నా. కుడి పక్క నేర్చుకోవాలి.’

‘సైకిలు ఇరవై. దిగిన వెంటనే పరుగు రెండు. కాళ్లు నావి కావు, ఎవరివో తెచ్చి తగిలించినట్టున్నాయి.’

‘దివ్యక్క క్యాన్లు విప్పేసి నాలుగు బారలు ఈదింది. అక్కకి నీళ్లంటే భయం లేదు. కాలికి అడుగు అందకపోతే భయం. సముద్రంలో ఎలాగో.’

ఇది చదివి నవ్వొచ్చింది. మొన్న దసరాకి నువ్వు నడుముకి రెండు ఖాళీ క్యాన్లు కట్టుకుని కాలువలో దిగితే, గట్టు మీద మీ అమ్మ, “ఒరేయ్ ముస్తాకూ, దానికేమన్నా అయితే నీ తోలు తీస్తా” అని కేకలు. వాడేమో, “పెద్దమ్మా, మీ కేకలకే నీళ్లు వెనక్కి పోతున్నాయి, కాసేపు ఊరుకోండి” అని.

ఒక పేజీలో నా సంగతి కూడా ఉంది. నీళ్లలోంచి వచ్చి సైకిలు ఎక్కడానికీ, సైకిలు దిగి బూట్లు మార్చడానికీ పట్టే టైము కూడా పందెంలోదేనంట కదా. వాకిట్లో తువ్వాలు, బూట్లు, హెల్మెట్ వరసగా పెట్టి, ఒంటి మీద బకెట్టు నీళ్లు గుమ్మరించుకుని పరుగెత్తుకొచ్చేవాడు. నేను అంకెలు లెక్కపెట్టాలి. వాడు గెలవాలని మెల్లగా లెక్కపెట్టేదాన్ని. అరవై అనేసరికి అన్నీ అయిపోయేవి. సంబరపడేవాడు. ఒకరోజు ఫోన్లో చూసుకున్నాడు. “అమ్మా, నీ నిమిషంలో రెండు నిమిషాలు పడుతున్నాయి! అక్కడ నువ్వుండవు కదే, వాళ్లు సరిగ్గా లెక్కపెడతారు!” అని తల పట్టుకున్నాడు. నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాడు: ‘అమ్మ లెక్క నమ్మకూడదు.’

అది చదివాక ఇంక రాయలేకపోయాను.

మీ పిన్ని,
కరీమున్

---

విశాఖపట్నం,
సెప్టెంబరు 2

పిన్నీ,

ఆలస్యానికి ఏమనుకోకు. నువ్వు పంపిన పేజీలు గోడకి అంటించాను. కుడి పక్క ఊపిరి నేర్చుకున్నాను.

సముద్రంలోకి వెళ్లాను. కాలువలో ఈదినట్టు కాదు. తల ఎత్తిన ప్రతిసారీ కెరటం నోట్లోకే వస్తుంది. మొదటి రోజు నడుము లోతులోంచే వెనక్కి వచ్చేశాను. రెండో వారం గుర్తు కోసం నీళ్ల మీద తేలేసిన పసుపు బుంగ దాకా వెళ్లి, దాన్ని పట్టుకుని ఏడ్చాను. నాతో ఈదే ఆవిడ, “ఏంటి, జెల్లీ ఫిష్ కుట్టిందా?” అంది. అవునన్నాను. అడుగు అందదు పిన్నీ. వాడు సరిగ్గానే రాశాడు.

నువ్వు అడిగినది ఆలోచించాను. చీకట్లో గాలివాటుగా హ్యాండిల్ తిరిగి ఉంటుంది. అలా జరుగుతుంది. దయచేసి నన్ను మళ్లీ అడగకు.

ఫిబ్రవరి పేజీలు ఇంకా రాలేదు. ఆఖరి వారం పంపు. ఆఖరి రోజు ఏం రాశాడో నాకు కావాలి. పందెం కోసమే.

దివ్య

---

మార్టూరు,
అక్టోబరు 11

చిరంజీవి శ్రీదివ్యకు,

గాలి అని రాశావు. ఆ రోజు గాలి లేదమ్మా. ముందు రోజు సాయంత్రం మబ్బు పట్టింది గానీ రాత్రికి తేలిపోయింది. సరే, అడగొద్దన్నావు, అడగను.

ఇక్కడ మిరప నాట్లు అయ్యాయి. మీ అమ్మ నన్ను కలుపుకి కూడా పిలవడం లేదు. “ఎండలో నువ్వెందుకే, ఇంటి దగ్గర నీడన కూర్చుని పాత కాయలకి తొడిమలు తీసిపెట్టు చాలు” అంటోంది. ఇద్దరం ఒకే ఈడువాళ్లం, ముప్పై ఏళ్లుగా పొలంలో పక్కపక్కనే వంగి పనిచేసినవాళ్లం. ఏనాడూ నాకు నీడ చూపించిన మనిషి కాదు. “వంగవే, నడుమేమన్నా అద్దెకి తెచ్చుకున్నావా” అనేది. ఇప్పుడు గ్లాసుతో మజ్జిగ తెచ్చి చేతికిస్తోంది. నేను వెళ్లేసరికి మిగతా ఆడవాళ్లు మాట ఆపేస్తారు. బిడ్డ పోయినదాని ముందు నవ్వకూడదనేమో. నవ్వుకోమన్నాను ఒకరోజు. ఎవరూ నవ్వలేదు.

ఫిబ్రవరి పేజీలు.

‘శనివారం. పరుగు ఏడు. ఫ్యాక్టరీలో డబల్ డ్యూటీ. పడుకుంటే ఇల్లంతా మిషన్ తిరిగినట్టుంది.’

‘ఆదివారం. ఈత, సైకిలు, పరుగు, మూడూ కలిపి మొదటిసారి. ఆగలేదు. ఒక్కసారి కూడా ఆగలేదు. అమ్మకి చెప్పాను. అమ్మ గుడ్డు ఇంకోటి వేసింది.’

‘సోమవారం. మోకాలు నొప్పి. సెలవు.’

మంగళవారం పేజీ ఖాళీగా ఉంది. ఏమీ రాయలేదు. బుధవారమే కదా వాడు పోయింది. అందుకని ఆఖరి పేజీ అంటూ ఏమీ లేదు.

నీకు ఒక సంగతి చెప్పాలి. వాణ్ణి ఖబరస్తాన్‌కి తీసుకుపోయిన మూడో రోజు నేను ఒక్కదాన్నే నడుచుకుంటూ ఆ రోడ్డుకి వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. అంతా చూశాను. రోడ్డు శుభ్రంగా ఉంది. ఆ చివర నుంచి ఈ చివరదాకా ఏమీ లేదు. అది చూశాక కొంచెం ప్రాణం కుదుటపడింది. ఎందుకని అడగకు. నువ్వు అడగొద్దన్నావు, నేనూ అడగొద్దంటున్నాను.

పందెం బాగా చెయ్యి. భయపడకు.

మీ పిన్ని,
కరీమున్

---

విశాఖపట్నం,
డిసెంబరు 17

పిన్నీ,

నేను పూర్తి చెయ్యలేదు.

ఫోన్లో అమ్మకి చెప్పాను, నీకు చెప్పొద్దన్నాను. నేనే రాద్దామని.

ఈత అయింది. నూట నలభై మందిలో ఆఖరి నుంచి నాలుగోదాన్నైనా బయటికి వచ్చాను. ఒడ్డు మీద బూట్లు, హెల్మెట్, తువ్వాలు వాడు వాకిట్లో పెట్టుకున్నట్టే వరసగా పెట్టుకున్నాను. నువ్వు లెక్కపెడుతున్నావనుకుని అరవైలోపు ముగించాను. సైకిలు ఎక్కాక హాయిగా ఉంది. రోడ్డు మొత్తం మాకోసమే ఆపేశారు. బళ్లు లేవు, మనుషుల్లేరు. అందరూ తల దించుకుని దూసుకుపోతున్నారు. నేను తల దించలేదు.

పదకొండో కిలోమీటరు దగ్గర మలుపు తిరగ్గానే ముందు నల్లగా పలకలాంటిది కనపడింది. నల్లరాయి అనుకున్నాను. రోడ్డుకి అడ్డంగా పెట్టిన పాలిష్ ముక్క అనుకున్నాను పిన్నీ. రెండు బ్రేకులూ పట్టేశాను. పడలేదు గానీ ఆగిపోయాను. చూస్తే తారుతో వేసిన అతుకు. కొత్త తారు, అంతే. వెనక వచ్చేవాళ్లు తిట్టుకుంటూ పక్కనుంచి పోయారు. మళ్లీ ఎక్కలేదు. సైకిలు నడిపించుకుంటూ వెళ్లాను. టైము దాటిపోయిందని ఒకాయన వచ్చి నా నంబరు కాగితం అడిగి తీసుకున్నాడు. మర్యాదగానే అడిగాడు.

వాడు ఏడాది నేర్పింది పదకొండు కిలోమీటర్లకే పోగొట్టాను. నన్ను క్షమించు.

దివ్య

---

మార్టూరు,
డిసెంబరు 24

శ్రీదివ్యా,

నువ్వు పందెం ముగించలేదని నాకేమీ బాధ లేదు. ఒక్క మాట అడుగుతాను. నిజం రాయి.

రాయి అని నీకెవరు చెప్పారు? ఈ ఆరు నెలల్లో నేను ఒక్క ఉత్తరంలోనూ రాయి అని రాయలేదు. నల్లది అని రాయలేదు. పాలిష్ ముక్క అని అసలే రాయలేదు. ఆ మాట ఎప్పుడూ నా మనసులోనే ఉంది, కాగితం మీద పెట్టలేదు. అది నీ కళ్లకి ఎలా కనపడింది?

నేను నీకు అబద్ధం రాశాను. మంగళవారం పేజీ ఖాళీగా లేదు. ఇదిగో:

‘మంగళవారం. మోకాలు తగ్గింది. దివ్యక్క తల దించి తొక్కే వీడియో పంపింది. ఖాళీ రోడ్డు మీదే చెయ్యమంది. అమ్మని అడిగా. కొత్త రోడ్డు మీద మిరపకాయలు ఎత్తేశారంట, రోడ్డు ఖాళీ అంట. రేపు ముప్పై కిలోమీటర్లు, తల దించి.’

నన్ను అడిగాడమ్మా. పొయ్యి దగ్గర ఉన్నాను. “అమ్మా, రోడ్డు ఖాళీయేనా?” అన్నాడు. “ఎత్తేశాం నాయనా, అద్దంలా ఉంది పో” అన్నాను.

ఆ రోజు మీ మిరపకాయలు ఆ రోడ్డు మీద ఆరబోసింది నేనూ మీ అమ్మా. నీకు తెలియందేముంది, సగం రోడ్డు మీద కాయలు పోసి, బళ్లు తొక్కకుండా అంచున రాళ్లు పెడతాం. సాయంత్రం మబ్బు చూసి గబగబా కాయలు ఎత్తి టార్పాలిన్ పట్టా కప్పాం. రాళ్లు ఎత్తామా లేదా నాకు గుర్తు లేదు. ఎప్పుడూ ఎత్తం కదా. ఎత్తితే తెల్లారేసరికి ఆ చోటు ఖాదర్ వలి వాళ్లు పట్టేస్తారు. చోటు పోకూడదని రాళ్లు అలాగే ఉంచుతాం. కాయలు లేకపోతే రోడ్డు ఖాళీ అంటాం. రాళ్లున్నా ఖాళీయే అంటాం. ఊరంతా అలాగే అంటుంది. వాడు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. నా కళ్లకి ఖాళీగానే ఉంది.

అందరూ తెల్లరాళ్లో ఇటుకలో పెడతారు. మావి నల్లవి. ఫ్యాక్టరీలో మిగిలిన ముక్కలు ముస్తాకే సైకిలు వెనక కట్టి ఒకటీ రెండూ తెచ్చి ఇచ్చాడు. “అమ్మా, ఇవి బరువు, పట్టా గాలికి లేవదు” అన్నాడు.

మూడో రోజు నేను వెళ్లింది ఆ రాళ్ల కోసం. ఒక్కటి కూడా లేదు. అంటే ఆ రోజు ఎత్తేసే ఉంటాను అనుకున్నాను. చేతులకి గుర్తు తెచ్చుకోమని చెప్పాను. ఎత్తినట్టే అనిపించింది. పది నెలలుగా ఆ ఒక్కదాన్ని పట్టుకునే అన్నం తింటున్నాను. టైరని రాస్తావేమో, కుక్కని రాస్తావేమో, నువ్వు చదువుకున్నదానివి, నువ్వు రాస్తే నిజమైపోతుందని నిన్ను పదే పదే అడిగాను.

రాళ్లు ఉన్నాయా, లేవా. అంతే రాయి.

కరీమున్

---

విశాఖపట్నం,
జనవరి 8

పిన్నీ,

ఉన్నాయి.

ఈ ఒక్క మాట రాయడానికి రెండు వారాలు పట్టింది. ఏడు రాళ్లు. మొదట చూసింది పాలు పోయించుకోవడానికి వస్తున్న నాగూర్ వలి. అతను కేకపెడితే మా పొలంలోంచి అమ్మ పరుగెత్తింది. అప్పటికే వాడు లేడు. ఒక రాయి అంచుకి సైకిలు నీలం రంగు అంటుకుని ఉందంట. నువ్వు వచ్చేలోపు అమ్మ ఏడు రాళ్లూ గంపలో వేసుకుని మోసుకెళ్లి సాగర్ కాలువలో పడేసింది. “ఇది కరీమున్ కళ్లబడితే అది బతకదు, ఎవరైనా నోరెత్తితే నేనూరుకోను” అని అక్కడున్న నలుగురికీ చెప్పింది. ఆ నలుగురి నుంచి ఊరికి తెలిసింది, ఆ నాలుగు రోజులూ ఎవరి రాళ్లు వాళ్లు తీసేసుకున్నారంట. అందరికీ తెలుసు పిన్నీ. నీకు మజ్జిగ ఇవ్వడం, నీడన కూర్చోబెట్టడం, నువ్వు వస్తే మాట ఆపేయడం అన్నీ అందుకే. ఎవరికీ నీ మీద కోపం లేదు. ఆ రోడ్డు మీద రాళ్లు పెట్టని ఇల్లు మా ఊళ్లో లేదు.

బాబాయికి కూడా తెలుసు. ఆ మర్నాడే మా అమ్మ దగ్గరికి వచ్చి, “రాళ్లేవి వదినా?” అని అడిగాడంట. అమ్మ చెప్పింది. విని వెళ్లిపోయాడంట.

నాది కూడా రాస్తాను. ఆఖరి పేజీ పందెం కోసం అడగలేదు. ఆ వీడియో పంపింది నేను. తల దించి తొక్కితే గాలి తగలదు, నాలుగు నిమిషాలు కలిసొస్తాయి, నేర్చుకో అని పంపింది నేను. ఆ సంగతి వాడు రాశాడో లేదో చూడాలనే నిన్ను అన్నిసార్లు అడిగాను. రాయకపోతే ఎవరికీ తెలియదు అనుకున్నాను. మంగళవారం పేజీ ఖాళీగా ఉందని నువ్వు రాసినప్పుడు సంతోషం కలిగింది. నిజంగా సంతోషం కలిగింది పిన్నీ. ఆ సంతోషంతోనే వెళ్లి పందెంలో నిలబడ్డాను.

తల ఎత్తి ఉంటే చూసేవాడు.

సైకిలు అమ్మేశాను.

దివ్య

---

786

మార్టూరు,
ఫిబ్రవరి 26

చిరంజీవి శ్రీదివ్యకు,

నీ ఉత్తరం అందిన రోజు మీ బాబాయి పరుపు కుడుతున్నాడు. ఎదురుగా కూర్చుని, “రాళ్లు ఉన్నాయంట” అన్నాను. సూది ఆపలేదు. “తెలుసు” అన్నాడు. “మరి టైరు నొక్కి చూశావేంటి?” అన్నాను. “నువ్వు చూడమన్నావు” అన్నాడు. అంతే. ఆ పరుపు పూర్తయ్యేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

మీ అమ్మ దగ్గరికి కూడా వెళ్లాను. నాకు తెలిసిపోయిందని నన్ను చూడగానే తెలుసుకుంది. కాళ్లు పట్టుకోబోయింది, పట్టుకోనివ్వలేదు. “నువ్వు పారేయకపోతే ఆ రోజే తెలిసేది. ఆ రోజే పోయేదాన్ని” అన్నాను. “అందుకే పారేశానే” అంది. నాకు మంచి చేసిందో చెడు చేసిందో తెలియడం లేదు. నీ వీడియో సంగతి మీ అమ్మకి చెప్పలేదు. నువ్వు చెప్పుకోవాలంటే చెప్పుకో.

నిన్ను తిట్టాలని కాగితం తీశాను. నాలుగు రోజులు చూశాను, తిట్టు రాలేదు. నీ తప్పేం లేదమ్మా అని రాద్దామన్నా చెయ్యి రాలేదు. నువ్వు నాకు అలా రాయలేదు, నేనూ నీకు రాయను. ఖాళీ రోడ్డు చూసుకుని చెయ్యమన్నావు నువ్వు. ఖాళీయే అన్నాను నేను. వాడు ఇద్దరి మాటా విన్నాడు. అమ్మ లెక్క నమ్మకూడదని రాసుకున్నవాడు, ఆ ఒక్క రోజు నమ్మాడు.

పంట వచ్చింది. కొత్త రోడ్డంతా మళ్లీ ఎర్రగా ఉంది. నేను పనికి పోతున్నాను, నీడన కాదు. సాయంత్రం అందరూ కాయలు ఎత్తుకుని పోయాక, రాళ్లన్నీ ఏరి పక్కకి నెట్టుకుంటూ వస్తాను. మొదటి రోజు ఎవరూ ఏమనలేదు. రెండో రోజు ఖాదర్ వలి వచ్చాడు. “ఏంది కరీమక్కా, మా రాళ్లు తీశావంట? తెల్లారేసరికి మా చోటు పోయింది.”

“చీకట్లో కనపడవయ్యా.”

“కనపడకపోవడమేంది, ప్రతి ఏడూ ఇక్కడే పెడుతున్నాంగా!” అన్నాడు. అన్నాక ఎవరితో అన్నాడో గుర్తొచ్చి తల దించుకుని వెళ్లిపోయాడు. మర్నాడు తెల్లారేసరికి రాళ్లు మళ్లీ ఉన్నాయి. ముందు రోజుకన్నా దగ్గరదగ్గరగా పెట్టారు.

సున్నం పూద్దామని బకెట్టు కలిపి తీసుకెళ్లాను. నలభై రాళ్లకి సరిపోయింది. రెండు రోజుల్లో దుమ్ముకి అన్నీ ఒకే రంగుకి వచ్చాయి. ఒకామె, “పిచ్చి పట్టింది పాపం” అంది, నాకు వినపడేటట్టే అంది. పట్టిందేమో.

నోట్‌బుక్ పంపుతున్నాను. ఆఖరి పేజీ చించలేదు. నీ దగ్గర ఉండనీ. నా దగ్గరుంటే అదే చదువుతున్నాను.

నిన్న మధ్యాహ్నం ఒక ఆటో అతను వచ్చి, సాయంత్రం పెళ్లివాళ్లని తీసుకుని ఇటే రావాలంట, “అమ్మా, అప్పటికి రోడ్డు ఖాళీగా ఉంటుందా?” అని అడిగాడు. మామూలుగా అడిగాడు. పక్కనున్న ఆడవాళ్లు, “ఆఁ, ఎత్తేస్తాంలే, ఖాళీయే” అన్నారు. నేను ఆ మాట అనలేదు. పని అయ్యాక లేచి చూసి రావడానికి వెళ్లాను. ఆ చివరిదాకా నాలుగు కిలోమీటర్లు. రాళ్లు తీసుకుంటూ తీసుకుంటూ వెళ్లి, వెనక్కి తిరిగేసరికి చీకటి పడింది. నేను మొదట తీసిన చోట అప్పటికే ఎవరో మళ్లీ పెట్టేసి ఉన్నారు.

మీ పిన్ని,
కరీమున్